ఇంజను దీపము నార్పుట మరమ్మతు కాదు

మన గూడెం కొత్తవీధి మండలమున కాఫీ, మిరియము, పసుపు పండించు రైతునకు మోటారుబండి నేడు కాడియెడ్లతో సమానము. చింతపల్లికైనను, లంబసింగి ఘాటీ దిగి నర్సీపట్నమునకైనను సరకు చేరవలెనన్న బండియే దిక్కు. కోసిన కాఫీ పండ్లను ఆనాడే గుజ్జు తీయు తావునకు చేర్పనిచో గోతములలోనే పులిసి వెల తగ్గును. పురిటి నొప్పులు పడు స్త్రీని ఆసుపత్రికి గొనిపోవునదియు తఱచు ఆ బండియే. కావున దాని బాగోగులు సంఘమునకు పట్టని సంగతి కాదని మేము తలంచుచున్నాము.

గడచిన కోతకాలమున మాకు కలిగిన యనుభవమును సభ్యులకు విన్నవించెదము. మా పెట్రోలు బండి ఎక్కుడు దారిలో వణకసాగెను. లాగు తగ్గెను. నిలిపి యుంచినప్పుడు సైతము ఇంజను కుదుపుచుండెను. మీటరు పలకపై ఇంజను బొమ్మ గల పసుపుపచ్చ దీపము వెలిగెను. మొదట చూచిన మేస్త్రీ ప్లగ్గులు నాలుగింటిని మార్చెను. రెండు దినములకే వణకు మరల వచ్చెను. అంతట పెట్రోలు పంపును మార్చవలెననెను. మేమందులకు జంకి, వేఱొకచోట రీడరు అను చిన్న యంత్రమును బండికి తగిలింపజేసితిమి. పి0303 అను సంకేతము కనబడెను. మూడవ సిలిండరులో మంట సరిగా అంటుకొనుట లేదని దాని యర్థము. ఆ పనివాడు మూడవ సిలిండరు కాయిలును రెండవదానికిని, రెండవదాని కాయిలును మూడవదానికిని మార్చి, సంకేతమును తుడిచి, కొంతదూరము నడపెను. ఈ మాఱు పి0302 వచ్చెను. దోషము కాయిలుతో పాటు కదలినది గనుక కాయిలే చెడినదని తేలెను. ఒక్క కాయిలుతో పని ముగిసెను. అనవసరముగా ప్లగ్గులకు పెట్టిన సొమ్మును, ఆ దినములలో చెడిన పండ్లును మాత్రము తిరిగి రాలేదు.

నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒకటి పని మానినచో తక్కిన మూడును దానిని ఈడ్చుకొనిపోవలెను. వణకునకు కారణమిదియే. దీనినే మేస్త్రీలు మిస్సింగు అందురు. కాలని పెట్రోలు పొగగొట్టములోనికి పోయి, అందలి కేటలిటిక్ కన్వర్టరును మితిమీరి వేడెక్కించి పాడుచేయును. దానిని మార్చుటకగు ఖర్చు కాయిలు వెలకు ఎన్నో రెట్లు. అందుచేత దీపము మిణుకుమిణుకుమనుచున్నచో వేగము తగ్గించి, భద్రమైన తావున బండి నిలుపవలెను. నిలుకడగా వెలుగుచున్నచో మెల్లగా నడపుకొనిపోయి త్వరలో పరీక్ష చేయింపవచ్చును. నూనె దీపముగాని వేడిమి దీపముగాని ఎఱ్ఱగా వెలిగినచో ఇంజనును వెంటనే ఆపవలసినదే. ఘాటీ మలుపున ఇంజను తనంతట ఆగిపోయినచో స్టీరింగు బరువెక్కును. రెండు మూడు తొక్కుళ్ల తరువాత బ్రేకు గట్టిపడును. లోయ ప్రక్క దారిలో ఇది ప్రాణముతో చెలగాటము.

సంకేతము దోషమున్న చోటు చూపును గాని కారణమును తేల్చి చెప్పదు. పి0303 వచ్చినంతనే ప్లగ్గు కొనరాదు. కాయిలు, ఇంజెక్టరు, తీగ, కంప్రెషను వీనిలో ఏదైనను కావచ్చును. మన చోట వాననీరు ప్లగ్గుల గుంటలలోనికి దిగవచ్చును. ధాన్యపు కొట్టు ప్రక్క నిలిపిన బండి తీగలను ఎలుకలు కొఱుకవచ్చును. సీసాలలో కొన్న విడి పెట్రోలులో నీరు కలిసి యుండవచ్చును. మట్టిరోడ్ల దుమ్ము గాలి ఫిల్టరును మూయవచ్చును. ఖర్చులేని ఈ పరీక్షలు ముందు, కొత్త సామాను తరువాత. బి.ఎస్.6 డీసెలు బండ్లలో పొగలోని మసిని పట్టు ఫిల్టరు కలదు. ఎల్లప్పుడును కొద్దిదూరములే మెల్లగా నడపినచో అది మసితో నిండి దీపము వెలుగును. కొంతసేపు ఆగక నిలుకడైన వేగమున నడపినచో ఆ మసి చాలవరకు కాలిపోవును.

కొందఱు సంకేతమును తుడిపించి, దీపమారినది గదా యని సంతసింతురు. మఱికొందఱు దీపముపై కాగితము అంటింతురు. కోడిని గంపక్రింద మూసినంతనే తెల్లవారుట మానునా? పైగా సంకేతమును తుడిచినచో, దోషము పుట్టినవేళ ఇంజను వేగమెంత, వేడిమి యెంత యను వివరములును చెఱిగిపోవును. ముందు వ్రాసికొని పిదప తుడువవలెను.

అమెరికాలో 1996 నుండి కొత్త కార్లన్నిటికిని ఒకే తీరు సాకెట్టు ద్వారా ఈ సంకేతములను చదువు ఏర్పాటు తప్పనిసరి యయ్యెను. మన దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.6 నిబంధనల ప్రకారము తయారైన కార్లలోను ఇది కలదు. సాధారణముగా స్టీరింగు క్రింద 16 పిన్నుల సాకెట్టు కనబడును. కనుక ఒక్క రీడరు పలువురి బండ్లకు ఉపయోగపడును.

సంఘము ఉమ్మడి నిధినుండి ఒక రీడరు కొనవలెనని మా యభిప్రాయము. సెల్‌ఫోను సంకేతము అంతటను అందని మన కొండలలో సొంత తెర గల రీడరు మేలు. ఇద్దఱు యువకులకు దాని వాడుక నేర్పవలెను. ఏ బండికి ఏ సంకేతము వచ్చెనో, తుదకు ఏ దోషము తేలెనో, ఎంత ఖర్చయ్యెనో ఒక పుస్తకమున వ్రాయుచుండవలెను. కొన్ని యేండ్లకు ఆ పుస్తకమే రీడరుకంటె విలువైనదగును.

ఇందువలన మేస్త్రీల జీవనము చెడునని కొందఱనవచ్చును. పనితెలిసిన మేస్త్రీకి సరియైన సంకేతము సాయమే గాని పోటీ కాదు. పాత జీపులకు ఈ యంత్రము పనికిరాదనుట నిజమే. వానికి మేస్త్రీ చెవియే రీడరు. అంతమాత్రమున కొత్త బండ్లవారు చీకటిలో సొమ్ము పోయనేల?

మన దేశమున 1904లో మొదటి సహకార పరపతి చట్టము వచ్చినది, ఒక్కనికి అందని యప్పు పదిమంది కూడిన అందునని. అప్పు విషయమున పనికివచ్చిన ఆ సూత్రము పనిముట్టు విషయమునను పనికివచ్చును. రాబోవు సర్వసభ్య సమావేశమున, కాఫీ కోతలకు ముందే, సభ్యులు దీనిని చర్చించి నిర్ణయింతురు గాక యని మా మనవి.