తొడిమ, వృంతం, డంఠల్

1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ వృక్షశాస్త్రాన్ని తెలుగులోకి తెచ్చి మహోపకారం చేసింది, కాదనలేము. కాని ‘రక్షకపత్రావళి’, ‘ఆకర్షణపత్రావళి’ అని కంఠస్థం చేసిన మహబూబాబాద్ విద్యార్థి చేతికి ఇప్పపువ్వునిచ్చి చూపుమంటే తెల్లబోతాడు. వేకువన చెట్టుకింద తాను ఏరుకొన్నది ఆకర్షణపత్రావళియేననీ, రక్షకపత్రావళి అండాశయంతో కొమ్మపైనే నిలిచిందనీ అతనికెవరూ చెప్పలేదు. ఇంగ్లీషు మాధ్యమంతో ఈ బాధ తీరిందనే వారున్నారు. పెటియోల్ అని రాసిన వానికి తొడిమ చూపడం వచ్చునా?

అట్లని సంస్కృత పదాలన్నింటినీ త్రోసిపుచ్చుమనుట మా ఉద్దేశం కాదు. పల్లెలో ఆకుకూ తొడిమయే, పువ్వుకూ తొడిమయే. శాస్త్రానికి ఆ రెండూ వేరుగా కావాలి. కనుకనే పత్రవృంతం, పుష్పవృంతం అవసరమైనవి. అయితే అకాడమీయే ‘కణుపు’ను కణుపుగా ఉంచింది. దానివల్ల శాస్త్రానికి వచ్చిన నష్టమేమీ లేదు! 1918లో ఉర్దూ మాధ్యమంతో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనువాద శాఖ ఒకటుండేది. పారిభాషిక పదాల కల్పనపై అక్కడ పెద్ద వాదాలే నడిచాయి. ఇళ్లలో పలికే ‘పంఖుడీ’ ఉర్దూ వృక్షశాస్త్రానికీ చాలింది.

‘ఢాక్ కే తీన్ పాత్’ అన్న నానుడి మన ఉర్దూ ఇళ్లలో ఎరుగనివారు లేరు. ఎంత చేసినా మార్పు లేదని భావం. ఢాక్ అంటే విస్తళ్లు కుట్టే మన మోదుగ. శాస్త్రరీత్యా అవి మూడాకులు కావు. ఒకే ఆకు, మూడు పత్రకాలు. ఎట్లా తెలియును? మొగ్గ ఉండేది ఆకు గ్రీవంలో. ఆ మూడింటిలో దేని మొదట వెదకినా మొగ్గ దొరకదు. ఉమ్మడి తొడిమ కొమ్మను కలిసేచోట దొరుకుతుంది. భూపాలపల్లి అడవిలోని తునికి ఇందుకు భిన్నం: తొడిమకొక్క దళమే, మొదట మొగ్గ. తునికాకు సేకరించే ఇంటి పిల్లవాడు ఈ భేదాన్ని చేతితో ఎరుగును. పేరు మాత్రమే మనమివ్వాలి. జనగామలో బతుకమ్మకు తంగేడు తెచ్చే పిల్లలైనా అంతే.

ఉపాధ్యాయుడు మొదట ఇంటిమాట, పిమ్మట అకాడమీ మాట, ఆపైన ఇంగ్లీషు చెప్పాలని మా మతం. క్రమం తలక్రిందులైతే పదం మిగులును, మొక్క పోవును.

కళాశాల కమిటీ వారికి మా విన్నపం చిన్నది. ఆవరణలోని చెట్లకు లాటిన్ నామంతోపాటు తెలుగు, ఉర్దూ పేర్లు గల బిళ్లలు కట్టించాలి. ప్రయోగ పరీక్షకు విద్యార్థులు తమ ఊరి ఆకునే తేవాలి. రికార్డు పుస్తకంలో మొదటి పుట మోదుగకు కేటాయిస్తే మరీ సంతోషం.