మొలిపించే మందా? ఆపే మందా?

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు అందరం మదనపల్లె నుంచి హార్స్లీ హిల్స్ ఎక్కాం. పైన గాలి సంగతి తెలిసిందే కదా! అందరం ఫోటోలకి నిలబడితే మా పిన్ని మాత్రం చెంగు తలమీంచి జారకుండా రెండు చేతుల్తో పట్టుకుని పక్కన కూర్చుంది. "నన్నొదిలెయ్ నాయనా" అంది.

అంతకు రెండేళ్ళ ముందు నుంచీ నడినెత్తిన జుట్టు పోతోంది. బోరు నీళ్ళన్నారు, టెన్షనన్నారు. తిరుపతికి పోయి గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందన్నారు. చేయించుకుంది. తలంతా వచ్చింది, రూపాయి బిళ్ళంత రెండు చోట్ల తప్ప. అప్పుడుగానీ చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు. బయాప్సీలో తేలింది: లైకెన్ ప్లానోపైలారిస్. ఒంట్లోని తెల్లకణాలే వెంట్రుకల కుదుళ్ళ మీద పడి చంపేస్తే, అక్కడ మచ్చ కడుతుంది. ఇక మొలవదు. బ్యాకప్ లేని డేటా అన్నమాట.

నేను మన అలవాటు ప్రకారం ఎక్సెల్ తెరిచి, "ఏ మందుకి ఎంత జుట్టొస్తుంది" అని ఒక కాలమ్ పెట్టా. అక్కడే తప్పులో కాలేశా. చచ్చిన కుదురుని ఏ మందూ తిరిగి తేలేదు. చూడాల్సింది దురద, ఎరుపు తగ్గాయా, మచ్చ పాకడం ఆగిందా అని.

చోటు చిన్నదైతే క్లోబెటసాల్ పూత, ట్రయామ్సినలోన్ ఇంజెక్షన్లు. వీటితో చర్మం పల్చబడొచ్చు. పాకుతుంటే మాత్రలు. డాక్సీసైక్లిన్‌తో కడుపులో తిప్పుతుంది, ఎండకి చర్మం కమిలిపోతుంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ పనిచేయడానికి నెలలు పడుతుంది. రోజుకి కిలో బరువుకి 5 మి.గ్రా. దాటకూడదు, కంటి పరీక్షలు తప్పవు. మెథోట్రెక్సేట్ వారానికొక్కసారే, లివరు, రక్తం పరీక్షలు చేయిస్తూ ఉండాలి, గర్భం దాల్చాలనుకునేవాళ్ళు అసలు వాడకూడదు. ఈ చివరి రెండిటినీ పోల్చి 2017లో ఇరాన్‌వాళ్ళు ప్రచురించిన ట్రయల్లో మెథోట్రెక్సేటే మెరుగని తేలింది. కానీ అందులో ఉన్నది 29 మందే. 29 మంది యూజర్లతో టెస్టు చేసి మనం రిలీజిస్తామా?

అందుకే, ఏ మందన్నది డాక్టరుకే వదిలేద్దాం. మందుల మధ్య తేడా కన్నా, మొదలుపెట్టిన తేదీల మధ్య తేడానే పెద్దదని నా అభిప్రాయం. మగాడికి బట్టతలొస్తే జోకు, ఆడవాళ్ళకొస్తే గుట్టు. ఆ గుట్టే మా పిన్నికి రెండేళ్ళు నష్టం చేసింది. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా అమ్మా" తోబాటు, "తలలో ఎక్కడైనా నున్నగా అయిందా, దురదగా ఉందా" అని కూడా అడగండి.

మందు మొదలెట్టి ఎనిమిది నెలలైంది. మచ్చలు పెరగలేదు. "కొత్తగా ఏమీ రాలేదు కదరా" అంటుంది పిన్ని.

"కొత్తగా పోనూ లేదు కదా పిన్నీ" అంటున్నా.