బుఖార్ వస్తే తెల్లారేదాకా ఆగొద్దు

మా ఖాలా ఉండేది పటాన్‌చెరులో. రొమ్ము కేన్సర్. ఇలాజ్ హైదరాబాద్‌లో. కీమో అయిన మర్నాడు పొట్ట మీద చర్మం కింద ఒక సూది వేసేవాళ్లు, తెల్లకణాలు పెరగడానికి. అది పడగానే ఇంట్లో అందరం బేఫికర్. రెండో కీమో తర్వాత తొమ్మిదో రాత్రి ఖాలాకు బుఖార్ వచ్చింది, నూటొకటి. "సూది వేశారు గదా, పారాసిటమాల్ వేసుకో ఖాలా, పొద్దున్నే పోదాం" అన్నది నేనే. పొద్దున దవాఖానాకు చేరేసరికి బీపీ పడిపోయింది. పదకొండు రోజులు అక్కడే ఉండి, అల్లా కరమ్‌తో ఇంటికొచ్చింది. ఆ రాత్రి గల్తీ నాదే. ఇంకో ఇంట్లో అది జరగొద్దని రాస్తున్నా.

కీమో మందు వేగంగా చీలే ప్రతి కణాన్నీ కొడుతుంది. కేన్సర్‌దా, మనదా అనే ఫరక్ దానికి పెద్దగా తెలియదు. ఎముక మూలుగలో పుట్టే తెల్లకణాలూ ఆ దెబ్బకు పడిపోతాయి. సాధారణంగా ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా గండం. న్యూట్రోఫిల్స్ 500 కంటే తగ్గితే మన ఒంట్లోనే ఉండే మామూలు క్రిమి కూడా జాన్ మీదికి తెస్తుంది. ఫిల్‌గ్రాస్టిమ్ సూది మూలుగను తట్టి లేపుతుంది. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2001లోనే దీన్ని గ్రాస్టిమ్ పేరుతో తెచ్చింది. రోజూ వేసేది ఫిల్‌గ్రాస్టిమ్, ఒక్కో కీమోకు ఒక్కసారే వేసేది పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్. రెండూ గండాన్ని తగ్గిస్తాయి, మొత్తం తీసెయ్యవు. ఈ ముక్క నాకు ఆ రాత్రి తెలియదు.

మా బస్తీలో ఈ సూదిని తాకత్ సూదిలా చూస్తారు. "కీమో ముందు రోజు వేయిస్తే కణాలు నిండుగా ఉంటాయి గదా" అంటారు. ఉల్టా నుక్సాన్. సూదికి లేచి చీలుతున్న పసి కణాలనే కీమో ముందు కొడుతుంది. అందుకే కీమో అయ్యాక కనీసం 24 గంటలు ఆగి వేస్తారు. పెగ్ సూదికీ తర్వాతి కీమోకూ మధ్య 14 రోజులు ఉండాలి. రిపోర్టులో అంకె తగ్గిందని ఆర్ఎంపీ దగ్గర మనమే వేయించుకునేది కాదిది. ఎవరికి కావాలో, ఎన్ని కావాలో కీమో రాసిన డాక్టరే చెప్పాలి. పాయా షోర్బా మంచిదే, బాగా మరిగించి తాగండి. కానీ సూది పని అది చెయ్యదు.

సూదిని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టొద్దు, ఊపొద్దు. తర్వాత నడుము, తుంటి ఎముకలు లాగుతాయి. అది మామూలే. నొప్పికి మాత్ర వేసుకునే ముందు మాత్రం థర్మామీటర్ పెట్టి చూడాలి, మాత్ర బుఖార్‌ను దాచేస్తుంది. ఎడమ పక్క పైపొట్టలో గానీ ఎడమ భుజం కొనలో గానీ గట్టి నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకున్నా వెంటనే పరుగెత్తాలి. అరుదే, కానీ తిల్లీ పగిలే ఖత్రా ఉంది.

100.4 దాటిందా, రాత్రి రెండైనా దవాఖానాకే. చేరిన గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. ఆ గంటలో కాపాడేది యాంటీబయాటికే, సూది కాదు.

ఇక్కడే మా ఇలాఖా సంగతి చెప్పాలి. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగు శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ పరిశోధకులు పరీక్షించి, 2007లో లెక్క బయటపెట్టారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! మందు వేసుకున్న మనిషి ఖూన్‌లో కూడా అంత ఉండదు. అట్లాంటి నీళ్లలో మందుకు లొంగని క్రిములు బలుస్తాయి. తెల్లకణాలు లేని మరీజ్‌కు మిగిలే ఒకే ఆసరా యాంటీబయాటిక్. దాన్నీ మొద్దుబారిస్తే ఘరీబ్ ఎక్కడికి పోవాలి? మందు తయారుచేసే గడ్డ మీద మందు పనిచెయ్యకపోవడం కంటే జుల్మ్ ఏముంది?

వాగుల సఫాయీ పెద్ద లడాయి, అది ఆగొద్దు. కానీ ఈలోపు చిన్న పనులకు కోట్లు అక్కర్లేదు. కీమో చేసి పంపేటప్పుడు తెలుగులో, ఉర్దూలో రాసిన ఒక కాగితం, ఒక థర్మామీటర్, రాత్రి ఎత్తే ఫోన్ నంబర్ మరీజ్ చేతిలో పెట్టాలి. సంగారెడ్డిలో ఇప్పుడు సర్కారీ మెడికల్ కాలేజీ ఉంది. మర్నాటి సూది, రక్త పరీక్ష, అర్ధరాత్రి మొదటి యాంటీబయాటిక్ జిల్లాలోనే దొరకాలి. ఒక్క సూది కోసం ఒళ్లు పులిసిన మనిషి బస్సు గుంపులో నగరానికి పోయిరావడం ఇలాజ్ కాదు, సజా.

అప్పటిదాకా మన జిమ్మేదారీ మనది. ఇంట్లో కీమో మరీజ్ ఉంటే ఇవాళే థర్మామీటర్ కొనండి, ఆటోవాలా నంబర్ గోడ మీద రాసుకోండి. మా ఇంట్లో ఇప్పుడు రెండూ ఉన్నాయి. ఖాలా మిగతా నాలుగు కీమోలూ వాటితోనే దాటింది.