అమ్మమ్మని కూడా కాపీ కొడితే ఎలా?

మొన్న శనివారం రాత్రి మా పిన్ని కొడుకు అమెరికా నుంచి ఫోన్ చేశాడు. ఎమ్మెస్‌కి వెళ్ళి నాలుగు నెలలయింది. బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళు మొదటి సెమిస్టర్లో ఇంగ్లీషులో రాయడం మీద ఒక కోర్సు చెయ్యాలట వాళ్ళ యూనివర్సిటీలో. ఈసారి అసైన్‌మెంటు, మీ కుటుంబంలో ఒక మనిషి చేసిన పని గురించి ఎనిమిది వందల మాటలు రాయమని.

"అన్నా, చాట్‌జీపీటీతో రాయించేశా. ఇక్కడ డిటెక్టర్ పెడతారంట. నువ్వు కాస్త అటూ ఇటూ తిప్పి రాసి పెట్టవా?"

సరే పంపమన్నాను. అమ్మమ్మ గురించి ఉంది. అమ్మమ్మ మామిడిచెట్టు కింద కూర్చుని మనవలకి నీతికథలు చెబుతోంది. ఇత్తడి దీపం వెలిగిస్తోంది. ముడతలు పడ్డ ఆవిడ చేతుల్లో తరతరాల జ్ఞానం ఉందట!

వాడి అమ్మమ్మంటే నాకూ అమ్మమ్మే కదా. ఆవిడ ముప్ఫయ్యేళ్ళు ఊళ్ళో కిరాణా కొట్టు నడిపింది. చెట్టూ లేదు పాడూ లేదు, కొట్టు ముందు రేకుల పందిరి ఉండేది. నీతికథలు చెప్పే తీరిక ఆవిడకెక్కడిది? అరువు ఎగ్గొట్టి పక్క వీధిలోంచి పోయేవాణ్ణి కేకేసి మరీ ఆపి కడిగేసేది.

"ఒరేయ్, ఈవిడెవర్రా?" అన్నాను. నవ్వాడు. తిప్పి రాయడం నా వల్ల కాదన్నాను. వాడికి ఒళ్ళు మండింది. "బీటెక్‌లో నీ రికార్డులన్నీ నువ్వే రాశావా అన్నా?" అని ఫోన్ పెట్టేశాడు.

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

మన దగ్గర ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి రికార్డు గురించి వేరే చెప్పక్కర్లేదు. చేసిన ప్రయోగం గురించి మన మాటల్లో రాసే పుస్తకం (పేరుకి). నేను మా సీనియర్ది చూసి రాశాను. ఆయన వాళ్ళ సీనియర్ది చూసి రాశాడు. ఒక ప్రయోగంలో ఎవరో మహానుభావుడు దశాంశ బిందువు ఒక స్థానం పక్కన పెట్టాడు. మా సెక్షన్ అరవై మందికీ అదే తప్పు. అరవై రికార్డుల మీదా ఎర్ర సిరాతో సంతకం! సారు ఒక్కటి చదివినా అందరం దొరికిపోయేవాళ్ళం. ఆయన చదవలేదు, మేం ఆలోచించలేదు. ఆ మొత్తం వ్యవహారంలో నిజమైనది ఏదైనా ఉందంటే అది మా చేతి నొప్పి ఒక్కటే.

అంతకుముందు ఇంటర్లో? గైడులో ఉన్న వాక్యం ఉన్నట్టు దించితే ఫుల్ మార్కులు. సొంత వాక్యం రాస్తే దిద్దేవాడు ఏ మూడ్‌లో ఉంటాడో అని భయం. అంటే పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి మనకి బాగా ఒంటబట్టిన పాఠం ఏంటంటే, సొంతంగా రాయడం రిస్కు, కాపీ సేఫు. తర్వాత ఫైనలియర్లో అమీర్‌పేట వెళ్ళి డాక్యుమెంటేషన్‌తో సహా ప్రాజెక్టు కొనుక్కొచ్చుకుంటే ఎవడూ ఆశ్చర్యపోడు. బేరం ఎంతకి తెగిందని మాత్రం అడుగుతారు.

అలా తయారైన కుర్రాణ్ణి తీసుకెళ్ళి ఒక రైటింగ్ క్లాసులో కూర్చోబెట్టి, సిలబస్ చివర "అకడమిక్ ఆనెస్టీ" అని ఒక పేజీ చేతిలో పెట్టి సంతకం చెయ్యమంటే ఏం చేస్తాడు? చేస్తాడు. సంతకాలు చెయ్యడం మనకేమన్నా కొత్తా?

నేను చెప్పేది ఒక్కటే. రాసింది చదివేవాడు లేని చోట "నిజాయితీగా రాయండి" అనడం ఉత్త మాట. అలాగని కాపీ కొట్టినవాడు సుద్దపూస అనడం లేదు. తప్పు ఇద్దరిదీ. కానీ శిక్ష ఎప్పుడూ ఒక్కడికే.

మనవాళ్ళు దీనికి కనిపెట్టిన మందేమిటి? శాతాలు! యూజీసీ 2018లో ప్లాగియరిజం మీద నిబంధనలు తెచ్చింది. థీసిస్‌లో 10 శాతం వరకూ పోలికలుంటే ఫర్వాలేదు, 60 శాతం దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. నిబంధన ఉండటం మంచిదే. కానీ జరిగేదేంటి? చూపించాల్సింది నంబరు కాబట్టి అందరూ నంబరు తగ్గించే పనిలో పడ్డారు. నాలుగు మాటలకి పర్యాయపదాలు పెట్టి, వాక్యం తలకిందులు చేస్తే శాతం దిగుతుంది. ఆలోచన మాత్రం అరువుదే.

ఇప్పుడు ఏఐ డిటెక్టర్లు. చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఓపెన్‌ఏఐ వాళ్ళే 2023 జనవరిలో ఒక డిటెక్టర్ విడుదల చేసి, సరిగ్గా పనిచెయ్యడం లేదని అదే ఏడాది జూలైలో ఆపేశారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 91 టోఫెల్ వ్యాసాలని ఏడు డిటెక్టర్లకిచ్చి చూశారు. మనుషులు రాసిన ఆ వ్యాసాల్లో సగటున 60 శాతం పైగా మిషను రాసినవని తేల్చాయవి! ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు తక్కువ పదాలతో, సాదా వాక్యాలతో రాస్తారు కాబట్టి అనుమానం వాళ్ళ మీదకే పోతుంది. అంటే మా తమ్ముడు రేపు చచ్చీ చెడీ సొంతంగా రాసినా దొంగ అనిపించుకునే ప్రమాదం ఉంది. ఈ పద్ధతిలో నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది?

రెబెకా మూర్ హోవర్డ్ అని రచన బోధించే ప్రొఫెసర్ 1995లోనే ఒక వ్యాసంలో ఈ సంగతి వాదించింది. కొత్తగా నేర్చుకునేవాడు ఒక పుస్తకంలో వాక్యం తీసుకుని అక్కడక్కడ మాటలు మార్చి అతుకులేసి రాస్తాడు. చాలాసార్లు అది మోసం కాదు, అర్థం కాని విషయాన్ని పట్టుకోడానికి పడే తంటా అంటుంది ఆవిడ. అతుకులబొంత కుట్టేవాడికి కుట్టు నేర్పాలి గానీ కేసు పెడితే ఏం లాభం? కానీ డబ్బిచ్చి రాయించుకున్నవాడి సంగతి వేరు. ఆ తేడా తెలియాలంటే సారు వాడి చిత్తుప్రతి చూసుండాలి, వాడితో పది నిమిషాలు మాట్లాడుండాలి. దానికి టైము కావాలి. అందుకే అమెరికాలో కాలేజీ రచనాధ్యాపకుల సంఘం రైటింగ్ క్లాసులో 20 మందికి మించి ఉండకూడదంటుంది. మన ల్యాబులో ఎంతమందిమో చెప్పాను కదా.

ఇక్కడ నా కొలీగ్స్ ఒక మాటంటారు. "మనం రోజూ స్టాక్ ఓవర్‌ఫ్లో నుంచి కోడ్ ఎత్తట్లేదా? ఇప్పుడు సగం కోడ్ ఏఐయే రాస్తోంది. పాపం స్టూడెంట్స్‌కేనా నీతులు?" వినడానికి బాగుంది. కానీ ఆఫీసులో నాకు జీతం ఇచ్చేది పనిచేసే సాఫ్ట్‌వేర్ కోసం. రైటింగ్ క్లాసులో మేడంకి మా అమ్మమ్మ మీద వ్యాసంతో ఏం పని? ఆవిడ దాన్ని అమ్ముకుంటుందా? అక్కడ తయారవ్వాల్సింది వ్యాసం కాదు, రాసేవాడు. ఈత నేర్చుకోడానికి ఫీజు కట్టి, మన బదులు ఇంకొకణ్ణి కాలవలోకి దింపితే మునిగేదెవరు? పైగా అరువు కోడ్ అర్థం చేసుకోకుండా పెట్టినవాడి గతి ఏంటో అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోయినప్పుడు తెలుస్తుంది. నేను పడ్డాను కాబట్టి చెబుతున్నా :)

మర్నాడు నేనే ఫోన్ చేశాను. "నా రికార్డులు నేను రాయలేదు. అందుకే ఇవాళ్టికీ ఆఫీసులో రెండు పేజీల డిజైన్ డాక్యుమెంట్ రాయాలంటే చెమటలు పడతాయి. చాలా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అమ్మమ్మ కొట్టు గురించి గంటసేపు మాట్లాడుకున్నాం. పద్దుల పుస్తకంలో మనుషుల పేర్లుండేవి కావు, "చింతచెట్టు ఇల్లు", "కుంటి గేదె వాళ్ళు" అనుండేది. అది వాడికే గుర్తుంది, నేను మర్చిపోయాను.

వాడు మళ్ళీ రాశాడు. గ్రామరు తప్పులున్నాయి. నేను ముట్టుకోలేదు. బి మైనస్ వచ్చింది. మేడం పక్కన పెన్సిల్‌తో రాసిందట, ఆ పుస్తకంలో పద్దు తప్పని ఎవరైనా గొడవపడితే మీ అమ్మమ్మ ఏం చేసేది, ఇంకొంచెం చెప్పు అని. వాడు ఆ కాగితం ఫోటో తీసి పంపాడు. మార్కు గురించి ఒక్క మాట లేదు. "అన్నా, చదివింది!" అని మాత్రం పెట్టాడు.

పదహారేళ్ళ చదువులో వాడు రాసినదాన్ని చదివి, ఇంకా చెప్పమని అడిగిన మొదటి టీచరు ఆవిడ. నిజాయితీ మీద నాలుగు పేజీలు అచ్చేసే కాలేజీలు ముందు ఆ పెన్సిల్ పట్టుకోవాలి. ఆ తర్వాత కూడా కాపీ కొట్టినవాణ్ణి నిలదియ్యండి, నేనూ మీ పక్కనే నిలబడతాను. చదవకుండా సంతకం పెట్టే చేతికి మాత్రం ఆ హక్కు లేదు. ఏమంటారు?