వంటయింటి ముచ్చటలు: పండ్ల పఫ్‌లు

సాయంకాలమున బడినుండి వచ్చు బిడ్డల చేతిలో నూనెమరకలు పడిన కాగితపు పొట్లము కానరాని యిల్లు నేడు మన పట్టణములలో నరుదు. ఆ పొట్లములో నుండునది వీథిమొగను గల బేకరీలోని పఫ్. అందులో బంగాళాదుంపల కూరయో, కోడిగ్రుడ్డో యుండును. కొరికినంతనే పొరలు పొరలుగా రాలి చాపయంతయు నిండును. తినువారికి సంతోషము, ఊడ్చువారికి పని. ఈ మాసము మేము వ్రాయదలచినది యీ పఫ్‌ను గూర్చియే. అయితే కూరతో గాక పండ్లతో నింపి, మన యింటనే, మన కన్నులయెదుటనే కాల్చుకొను పఫ్‌ను గూర్చి.

మా కీ పూనిక కలుగుటకు కారణము మా అత్తగారు. వారి కిప్పుడు 78 ఏండ్లు. బయటి తినుబండారములు ముట్టరు. కోడిగ్రుడ్డు చేరినదేమో యను శంక గలది యేదియు వారి పళ్లెమును చేరదు. మనుమలు ప్రక్కన గూర్చుండి పఫ్ తినుచుండగా వారు మజ్జిగ త్రాగుచు చూచుచుందురు. గడచిన వేసవిలో నొకనాడు చాపపై రాలిన పొర నొకదానిని వ్రేలితో నెత్తి, వెలుతురున బట్టి చూచి, “ఇంత పలచగా ఎట్లా వచ్చిందే అమ్మాయ్?” అని యడిగిరి. అడిగినది పిండిని గూర్చియే యైనను ఆ ప్రశ్నలో వేరొక కోరిక గలదని మాకు తోచినది. బిడ్డల యానందములో పాలుపంచుకొన వీలులేక ప్రక్కకు తొలగియుండు పెద్దలు మన యిండ్లలో నెందరో! నియమమును విడువుమని వారిని కోరుట తగదు. ఆ నియమములో నిముడునట్లు వంటకమును చేయుట మన పని.

వెంటనే పూనుకొంటిమి, వెంటనే చెడితిమి. అది వైశాఖమాసము. మామిడిపండ్లు మంచి రుచిమీద నుండుటచే వానితోనే నింపదలచితిమి. ఇంట వెన్న యున్నది. కాని నేయి యైన మరింత కమ్మగా నుండునని తలచి దానినే పిండిపై పూసి మడిచితిమి. వెన్న చేతబెట్టుకొని నేతికి వెదకినట్లను సామెత మాయందు అక్షరాల ఫలించినది. నేయి కరగి అప్పడాలకర్ర వెంట పారినది. పిండి దానిని పీల్చుకొన్నది. మామిడిరసము అడుగును నానబెట్టినది. ఓవెన్ నుండి వచ్చినవి పఫ్‌లు గావు, నేతిలో వేగిన చపాతీలు. పిల్లలు మాటాడక తినిరి. మావారు “రుచి బాగానే యున్నది” అనిరి. లెక్క తప్పిన పిల్లవానితో గూడ వా రట్లే మాటాడుదురు.

తప్పెచ్చట జరిగినదో తెలియవలెనన్న ఈ వంటకము పొంగు విధమును తెలిసికొనవలయును. ఇందులో ఈస్టు లేదు, వంటసోడా లేదు. పిండిపొరకును పిండిపొరకును నడుమ వెన్నపొర యుండును. ఓవెన్ వేడికి పిండిలోని నీరును, వెన్నలోని నీరును ఆవిరియై పైకి రాజూచును. నడుమనున్న కొవ్వు పొరలను ఒకదాని నొకటి అంటుకొననీయదు గావున ఆ యావిరి యొక్కొక్క పొరను పైకెత్తును. అంతలో పిండి కాలి గట్టిపడి, లేచిన పొర లేచినట్లే నిలుచును. అంగటి వెన్నలో నూటికి 80 వంతులు కొవ్వు, తక్కిన దానిలో హెచ్చుభాగము నీరు. నేతిలో ఆ నీరు లేదు. మన వేసవిలో అది గడ్డగా నిలువనే నిలువదు. గడ్డగా నిలువనిది పొరగా నిలువదు.

ఈ మాట చెప్పగా మా అత్తగారు, “మడతకాజా చేసినట్టేగా!” అనిరి. నిజమే. తాపేశ్వరపు మడతకాజాకును మైదాపిండిని పలుచగా వత్తి, నేయి పూసి, చుట్టి, కోసి, మరల వత్తుదురు. అది నూనెలో వేగి పాకమున మునుగును. ఇది ఓవెన్‌లో కాలును. మార్గము వేరైనను మూలమొక్కటే. ఫ్రెంచివారు ఈ పిండికి ఆకుల పిండి యని యర్థమిచ్చు పేరు పెట్టుకొనిరి. దానిలో ఆపిలుపండు నుంచి మడిచిన భక్ష్యమును వారు షోసోన్ అందురు. ఆ మాటకు ఇంట తొడుగుకొను మెత్తని చెప్పు అని యర్థము. క్యూబాదేశమున జామగుజ్జును గట్టిపడువరకు వండి, ముక్కలు కోసి, ఇట్టి పిండిలోనే పెట్టి కాల్చుదురు. ఆ క్యూబావారి పద్ధతియే మాకు త్రోవ చూపినది.

ఏలయన, మనకు చిక్కంతయు ఋతువులలో నున్నది. మామిడిపండు వచ్చు కాలమున వెన్న నిలువదు. వెన్న నిలుచు కాలమున మామిడిపండు లేదు. అయితే మార్గశిర పుష్యములలో జామపండ్లు సమృద్ధిగా దొరకును. వేసవిలో చాపలపై ఎండబెట్టిన మామిడితాండ్ర డబ్బాలో నుండనే యున్నది. తాండ్రలో నీరు తక్కువ గావున పిండిని నానబెట్టదు. వేసవిపండును శీతకాలపు వెన్నతో కూర్చుటకు మన పూర్వులు చూపిన తాండ్రకంటె మంచి యుపాయము మాకు దొరకలేదు.

కావలసిన వస్తువులు (12 పఫ్‌లకు): మైదా 250 గ్రాములు, వెన్న 200 గ్రాములు, పిండిలో కలుపుటకు కరగిన వెన్న 25 గ్రాములు, ఉప్పు అర చెంచా, నిమ్మరసము ఒక చెంచా, ఫ్రిజ్‌లోని చల్లనినీరు సుమారు 125 మిల్లీలీటర్లు, పైన పూయుటకు కొంచెము పాలు. ఉప్పు కలిసిన అంగటి వెన్నయైనచో పిండిలో ఉప్పు వేయనక్కరలేదు. ఇంట చిలికిన వెన్నయైనచో మజ్జిగ మిగులకుండ చల్లని నీటిలో మూడుమార్లు పిసికి కడిగి, పలుచని బట్టలో ఒత్తి నీరు తీయవలెను. ఈ పని మా యింట అత్తగారే చేసిరి. వారి చేతివెన్న మా చేతివెన్నకంటె గట్టిగా నిలిచినది.

పండు: అరకిలో పండిన జామపండ్లను ముక్కలు కోసి, అరగ్లాసు నీటితో ఉడికించి, జల్లెడపై రుద్ది గింజలు తీసివేయవలెను. ఆ గుజ్జులో 150 గ్రాముల పంచదార వేసి సన్నని సెగపై కలుపుచుండవలెను. గరిటెతో గీచిన గీత వెంటనే పూడక గిన్నె యడుగు కనబడినప్పుడు పాక మైనదని గుర్తు. చెంచాడు నిమ్మరసము, రెండు ఏలకుల పొడి వేసి దింపి పూర్తిగా చల్లార్చుడు. తాండ్రతో చేయువారు 180 గ్రాముల తాండ్రను 12 ముక్కలు చేసిన చాలును. ఎండి గట్టిపడినచో రెండు చెంచాల వేడినీట మెదిపికొనుడు. పచ్చి మామిడిపండు ముక్కలు, ద్రాక్ష మొదలగు నీరూరు పండ్లను వండక పెట్టరాదు.

చేయు విధము: మైదాలో ఉప్పు, కరగిన వెన్న, నిమ్మరసము కలిపి, నీరు కొంచెము కొంచెముగా పోయుచు చపాతీపిండివలె ముద్ద చేయవలెను. ఎక్కువసేపు మర్దింపరాదు. తడిబట్ట కప్పి అరగంట ఫ్రిజ్‌లో నుంచుడు. 200 గ్రాముల వెన్నను రెండు బటర్ పేపర్ల నడుమ నుంచి అప్పడాలకర్రతో తట్టి, 15 సెంటీమీటర్ల చదరపు పలకగా చేసి అదియు చల్లబరచుడు.

పిండిని 22 సెంటీమీటర్ల చదరముగా వత్తి, దాని మధ్య వెన్నపలకను మూలలు పిండి యంచులవైపు తిరుగునట్లు అడ్డముగా నుంచి, పిండి నాలుగు మూలలను ఉత్తరపు కవరువలె నడిమికి మడిచి యతికింపుడు. దానిని 45 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పుగా వత్తి, మూడు మడతలు వేయుడు. అది యొక మడత. పిండిని ప్రక్కకు త్రిప్పి మరల నట్లే వత్తి మడువుడు. రెండు మడతలైన పిమ్మట అరగంట ఫ్రిజ్‌లో విశ్రాంతి. ఇట్లు మూడు దఫాలుగా ఆరు మడతలు వేయవలెను. మావారు పలకపై వేసి చూపిన లెక్కప్రకారము వెన్నపొర మొదటి మడతకు 3, పిమ్మట 9, 27, 81, 243, కడకు 729 అగును. ఏడవ మడత వేసిన నింకను మేలని తలపకుడు. పొరలు మితిమీరి పలుచనై కలిసిపోవును.

ఈ పని యంతయు వెన్న చెప్పినట్లు సాగవలెను. వ్రేలితో నొత్తిన గుంట పడవలెను గాని వ్రేలికి అంటరాదు. పిండిలో వెన్న పగిలి ముక్కలుగా కనబడిన మిక్కిలి చల్లనిదని యర్థము. అయిదు నిమిషములు బయట నుంచుడు. మెరయుచు జారుచున్నచో ఎంత తొందర యున్నను ఫ్రిజ్‌లో పెట్టుడు. మేము తెల్లవారుజామున నాలుగింటికి మొదలిడితిమి. ఎండ యెక్కుసరికి మడతలు ముగిసినవి.

గంటసేపు ఆగిన పిమ్మట పిండిని రెండుగా కోసి, ఒక్కొక్కదానిని 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పుగా వత్తి, పదును కత్తితో ఆరేసి చదరములు కోయుడు. మొద్దుకత్తితో నదిమిన అంచులు అతుకుకొని పొర లేవదు. చదరము మధ్య పెద్దచెంచాడు గుజ్జు లేక తాండ్రముక్క నుంచి, అంచులకు నీటి తడి పెట్టి, మూలకు మూల చేర్చి ముక్కోణముగా మడిచి యొత్తుడు. పైన రెండు గాట్లు పెట్టుడు. లోని ఆవిరికి దారి లేకున్న ప్రక్కలు పగులును. కోడిగ్రుడ్డునకు మారుగా పాలు పూయుడు. ఆ పాలు కోసిన యంచులమీదికి జారనీయకుడు. కాల్చుటకు ముందు మరల పావుగంట చల్లబరచుట మంచిది.

ఓవెన్‌ను 200 డిగ్రీల సెల్సియస్ వద్ద 20 నిమిషములు ముందుగా వేడిచేసి, పఫ్‌లను నుంచి 15 నిమిషములు తలుపు తెరువకుడు. అప్పుడు తెరచిన ఆవిరి పోయి పొరలు కూలును. పిమ్మట 180 డిగ్రీలకు తగ్గించి, ప్రక్కలు గూడ బాగుగా నెఱ్ఱబడువరకు మఱి 12 నుండి 15 నిమిషములు కాల్చుడు. తీగల జల్లెడపై చల్లార్చుడు. లోని పాకము పైపొరకంటె చాలసేపు వేడిగా నుండును. బిడ్డల నాలుక కాలకుండ జాగ్రత్త పడుడు. వట్టి మైక్రోవేవ్‌లో ఇవి కాలవు. ఇసుక పోసిన మందపు గిన్నెలో చేయబోగా మాకు అడుగు మాడినది, పైభాగము తెల్లగనే యున్నది. ఒక్కనాడే అన్నియు కాల్చనక్కరలేదు; మడిచిన పఫ్‌లను డీప్‌ఫ్రీజులో గట్టిపరచి డబ్బాలో దాచిన నెలదినములు నిలుచును. వానిని కరగనీయక అట్లే ఓవెన్‌లో పెట్టవలెను.

ఇక ఆరోగ్యము మాట. డాల్డా, మార్జరిన్ వెన్నకంటె చవుక, వేడికి త్వరగా కరగవు గావున బేకరీలలో వానిని వాడుట కలదు. నూనెను కొంతవరకు హైడ్రోజనీకరించి గడ్డకట్టించునప్పుడు పుట్టు ట్రాన్స్ కొవ్వు రక్తములో చెడు కొలెస్టరాలును పెంచి మంచిదానిని తగ్గించును. అందువలననే మన దేశమున నూనెలలోను, కొవ్వులలోను అది నూటికి 2 వంతులు మించరాదని 2022 జనవరి నుండి నిబంధన వచ్చినది. ఇంట వెన్నతో చేసినది నిర్దోషమని మాత్రము మేము చెప్పజాలము. లెక్క వేసిన నొక్కొక్క పఫ్‌లో సుమారు 19 గ్రాముల వెన్న, అనగా నాలుగు చెంచాలకు దగ్గర, 21 గ్రాముల మైదా, పైన పంచదార. నెలకొకమారు పండుగవలె చేసికొనదగినదే గాని నిత్యము తినదగినది గాదు. మధుమేహము గలవారికి సగము చాలును.

ఆ శీతకాలపు ఉదయమున మొదటి వాయి దిగినప్పుడు మా అత్తగారు రెండు పఫ్‌లు దేవునియెదుట నుంచి, పిమ్మట ఒకదానిని విరిచిరి. పొరలు జలజల రాలినవి. మెల్లగా నమలి, “కాజాకు పినతల్లి కూతురే ఇది. తీపి తక్కువ, గర్వం ఎక్కువ” అనిరి. మనుమలు నవ్విరి. ఆ నలుగురు ఒకే చాపపై కూర్చుండి ఒకే వస్తువును తినుట మా యింట అదియే మొదలు. తిని లేచి వారు చీపురు తెచ్చుకొనిరి. మేము అందుకొనబోగా, “నేను రాల్చిందాన్ని నేనే ఊడుస్తానే” అని చేయి అడ్డుపెట్టిరి.

మీ యింట బయటి తిండి ముట్టని పెద్దలున్నయెడల, ఈ చలికాలమున నొక్కమారు తెల్లవారుజామున లేచి ప్రయత్నింపుడు. మొదటిసారి చెడిన విచారింపకుడు. మా వైశాఖపు చపాతీలను తలచుకొనుడు. తాండ్రకు మారుగా మీ ప్రాంతపు పండుతో చేసి చూచినవారు ఆ విధమును మాకు వ్రాసినచో సంతోషింతుము.