గాలిలోని ఎరువు ఎవరి సొత్తు?

2025 ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో రైతులు యూరియా బస్తా కోసం తెల్లవారకముందే వరుసలు కట్టి నిలిచిన దృశ్యాలు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. ఆ రైతులు మనకు పరాయివారు కారు. మన అన్నదమ్ములు, మేనమామలు వారిలో ఉన్నారు. వారికి ఉత్తరాలు అందించేది తపాలా ఉద్యోగి. ఆ బస్తాలను ఓడరేవు నుండి గూడ్సు షెడ్డుకు చేర్చేది రైల్వే కార్మికుడు. ఇందులోని విపరీతం ఏమంటే, వరుసలో నిలిచిన ప్రతి రైతు చుట్టూ ఉన్న గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే. యూరియా రూపంలో అతడు డబ్బిచ్చి కొంటున్నదీ ఆ నత్రజనినే.

మేము ఈ మాటలు వ్రాస్తున్నది భిలాయ్‌లోని వైశాలి నగర్ నుండి. ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని ఉత్తరాంధ్ర నుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు గాలిని విడగొట్టడం కొత్త విషయం కాదు. కర్మాగారంలో గాలిని ద్రవీకరించి ఆక్సిజన్‌ను, నత్రజనిని వేరు చేస్తారు. 2021లో కోవిడ్ రెండవ ఉధృతి వచ్చినప్పుడు భిలాయ్ ద్రవ ఆక్సిజన్ ఆసుపత్రులకు చేరింది. విశాఖ ఉక్కు నుండి మహారాష్ట్రకు టాంకర్లను రైలుపై నడిపించినది మన సోదరులే. ఉక్కును శుద్ధి చేసి, రోగికి ఊపిరి పోసే ఈ ఆక్సిజనే, మట్టిలోని ఒక చిన్న ఎంజైము పాలిట విషం. మన కథ అక్కడే మొదలవుతుంది.

ఆ ఎంజైము పేరు నైట్రోజినేజ్. నత్రజని అణువులోని మూడు బంధాలను తెంచి అమ్మోనియా చేయడానికి హేబర్, బాష్‌ల పద్ధతిలో సుమారు 200 వాతావరణాల ఒత్తిడి, 400 డిగ్రీలు దాటిన వేడి కావాలి. బాక్టీరియా ఆ పనిని మామూలు మట్టి వేడిలోనే చేస్తుంది. కాని ఎంజైములోని ఇనుప భాగాలకు ఆక్సిజన్ తగిలితే నిమిషాలలోనే, కొన్నిటికి సెకన్లలోనే, అది పనికిరాకుండా పోతుంది.

మరి గాలి మధ్యనే బ్రతికే జీవులు దీనిని ఎట్లా నెట్టుకొస్తున్నాయి? వేరుశనగ వేరుకున్న బుడిపెను కోసి చూడండి, లోపల గులాబి రంగు కనిపిస్తుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దాయాది వంటి పదార్థమది. ఆక్సిజన్‌ను పట్టి ఉంచి కొలతగా అందిస్తుంది. వరి కోతకు ముందే పొలంలో మినుములు చల్లే కోస్తా రైతు, దమ్ముకు ముందు జీలుగ, జనుము కలియదున్నే రైతు తరతరాలుగా వాడుకుంటున్నది ఈ ఏర్పాటునే. అనబీనా అనే నీలి ఆకుపచ్చ నాచు ఈ పనికి దళసరి గోడ గల ప్రత్యేక కణాన్ని కేటాయిస్తుంది. సయనోథీస్ అనే మరొకటి మన వంటిదే, షిఫ్టుల మీద పని చేస్తుంది: పగలు సూర్యరశ్మితో ఆహారం చేసుకుని ఆక్సిజన్ విడుస్తుంది, రాత్రి నత్రజనిని స్థిరీకరిస్తుంది. అజోటోబాక్టర్ అయితే లోపలికి వచ్చిన ఆక్సిజన్‌ను గబగబా దహించివేస్తుంది. అదీ చాలనప్పుడు ఒక ప్రోటీను వచ్చి ఎంజైమును పట్టి తాళం వేస్తుంది. ప్రమాదం తొలగిన పిమ్మట విడిచిపెడుతుంది. 1960 దశకంలో అమెరికాలోని విస్కాన్సిన్‌లో దీనిని గుర్తించిన వై. ఐ. షెత్నా పేరనే దీనిని షెత్నా ప్రోటీను అంటారు. ఆ తాళం ఎట్లా పడుతుందో 2025 జనవరిలో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధనలు చూపించాయి.

ఈ ఉపాయాలను ఇతర జీవులలోకి మార్చగలమా అన్నది నేటి ప్రశ్న. 2018లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హిమాద్రి పక్రాసి బృందం సయనోథీస్ నుండి 35 జన్యువులను, నత్రజనిని స్థిరీకరించలేని సినికోసిస్టిస్‌లోకి మార్చి, దానిచేత ఆ పని కొద్దిగా చేయించింది. మూలజీవి శక్తితో పోల్చితే అది తక్కువే. 2024లో సముద్రపు నాచు ఒకదానిలో, ఒకప్పటి బాక్టీరియా కణంలో అంతర్భాగమై నత్రజనిని స్థిరీకరిస్తున్నదని తేలి, దానికి నైట్రోప్లాస్ట్ అని పేరు పెట్టారు. అంటే ప్రకృతి ఈ పని ఒకసారి చేసి చూపింది. అయినా రేపే వరి తన ఎరువు తానే చేసుకుంటుందని మేము చెప్పబోము. ఒక్క నత్రజని అణువుకు 16 ఏటీపీ అణువుల శక్తి ఖర్చవుతుంది. ఆ ఖర్చు పంట నుండే రావలసి ఉన్నది.

మమ్మల్ని ఆలోచనలో పడవేసినది శాస్త్రం కాదు, యాజమాన్యం. 1980లో ఆనంద్ మోహన్ చక్రవర్తి రూపొందించిన బాక్టీరియాపై పేటెంటు చెల్లుతుందని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన దేశంలో 2002 చట్ట సవరణ తరువాత, మనిషి మార్చిన సూక్ష్మజీవికి పేటెంటు పొందే మార్గమున్నది. బీటీ పత్తి అనుభవం మరచిపోరాదు. 450 గ్రాముల విత్తన ప్యాకెట్టులో రాయల్టీయే వెయ్యి రూపాయలు దాటినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించి, తరువాత ప్యాకెట్టు ధరను 750 రూపాయలకు దించింది. పత్తి విత్తనానికి జరిగినది రేపు వరిపొలంలోని బాక్టీరియాకు జరగదని ఎవరు హామీ ఇస్తారు? 45 కిలోల యూరియా బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకు అందుతున్నదంటే ప్రభుత్వ రాయితీ వల్లనే. ఆ రాయితీ ఏటా లక్ష కోట్లకు మించుతున్నది. అందులో కొంత భాగమైనా పటాన్‌చెరువులోని ఇక్రిశాట్‌కు, వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు ఈ పరిశోధన నిమిత్తం మళ్లించాలనీ, ఫలితం ప్రజల ఆస్తిగా ఉండాలనీ కోరడం అత్యాశ కాదు. బొగ్గుతో 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన రామగుండం కర్మాగారం 1999లో మూతపడింది. 2021లో గ్యాసుతో మరల నడిచేదాకా అక్కడి కార్మికులు ఏమైనారని అడిగినవారు తక్కువ. కొత్త పద్ధతి వచ్చినప్పుడు పాతదానిలో పనిచేసేవారి సంగతి ముందే ఆలోచించాలి.

ఈ విషయమై వైశాలి నగర్‌లో నలుగురం కూర్చున్నప్పుడు, కోక్ ఓవెన్లలో పని చేసి రిటైరైన పెద్దాయన ఒకరు, "అయితే మన అమ్మోనియం సల్ఫేటు కొనేవాడు ఉండడా?" అని అడిగారు. కోక్ ఓవెన్ గ్యాసును వాడాలంటే అందులోని అమ్మోనియాను ఎట్లాగూ తీసివేయాలి, ఆమ్లంలో పట్టి సల్ఫేటు చేయడం అందుకే. పైగా నేలకు గంధకమూ కావాలి, దానిని ఏ బాక్టీరియా గాలి నుండి తెచ్చి ఇవ్వదు. ఈ మాట చెప్పగా ఆయన కాసేపు ఊరుకుని, "వాళ్ళ పేటెంటు మాత్రం కొనవలసి వస్తుందన్నమాట" అన్నారు.