అద్దం ముందు టార్చ్ ఆపేయండి

"డాక్టర్ గారూ, నాలుక వెనకాల ఎర్రగా బుడిపెలున్నాయి. నెట్‌లో చూస్తే హెచ్‌పీవీ అంటోంది. నాకు గొంతు క్యాన్సర్ వస్తుందా?"

ఈ వారం మెయిల్ పెట్టిన కుర్రాడికి 22 ఏళ్లు. గర్ల్‌ఫ్రెండ్‌తో ఓరల్ సెక్స్ జరిగి మూడు వారాలైందట. అప్పట్నుంచి నిద్ర లేదు. క్యాంపస్ ఇంటర్వ్యూ ఎగ్గొట్టాడు. ఆ అమ్మాయి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మెయిల్‌తో పాటు నోటి ఫొటోలు పద్నాలుగు పంపాడు. పేరు రాయొద్దన్నాడు, రాయను. ఇదే భయంతో నా ఓపీకి వచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి అందరికీ కలిపి చెబుతున్నా.

ముందు ఆ బుడిపెల సంగతి. నాలుక వెనక భాగంలో 'వి' ఆకారంలో ఎనిమిది నుంచి పన్నెండు దాకా పెద్ద బుడిపెలు అందరికీ ఉంటాయి. వాటిలో రుచి తెలిపే మొగ్గలుంటాయి. పుట్టినప్పట్నుంచీ అక్కడే ఉన్నాయి, మనమే ఎప్పుడూ టార్చ్ వేసి చూడలేదు. ఫొటో చూసి జబ్బు ఉందనీ లేదనీ నేను తేల్చను. అనుమానం ఉంటే ఒక్కసారి ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. ఐదు నిమిషాల పని.

ఇక వైరస్ సంగతి. హెచ్‌పీవీలో 200కు పైగా రకాలున్నాయి. కొన్ని పులిపిర్లు తెస్తాయి, చాలావాటితో ఏమీ కాదు. గొంతు క్యాన్సర్ విషయంలో ముఖ్యంగా చెప్పుకోవాల్సింది 16వ రకం గురించి. ఓరల్ సెక్స్ ద్వారా ఇది నోట్లోకి రావచ్చు, అది నిజం. కానీ వైరస్ రావడం వేరు, క్యాన్సర్ రావడం వేరు. చాలామందిలో ఒకటి రెండేళ్లలో శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. అమెరికా లెక్కలు చూస్తే, ఏ సమయంలోనైనా మగవాళ్లలో సుమారు 10 శాతం మంది, ఆడవాళ్లలో 3.6 శాతం మంది నోట్లో ఏదో ఒక రకం హెచ్‌పీవీ ఉంటుంది. వాళ్లలో క్యాన్సర్ దాకా వెళ్లేది బహు కొద్దిమంది. అదీ వైరస్ ఏళ్ల తరబడి తిష్ఠ వేసుకుంటేనే. మూడు వారాల్లో జరిగే పని కాదు.

"మరి టెస్ట్ చేయించుకోనా?" అని అడుగుతారు. నోట్లో హెచ్‌పీవీ కోసం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి చేయాల్సిన ఆమోదం పొందిన స్క్రీనింగ్ టెస్టేదీ లేదు. ఎక్కడైనా చేయించుకుని పాజిటివ్ వచ్చినా, వైరస్‌ని చంపే మందు లేదు. డబ్బు పోతుంది, భయం పెరుగుతుంది, అంతే. కండోమ్ లేకుండా కలిస్తే సిఫిలిస్, గనేరియా లాంటివి ఓరల్ సెక్స్‌తోనూ అంటుకోవచ్చు. వాటికి టెస్టులున్నాయి, మందులూ ఉన్నాయి. ఆ సంగతి సిగ్గుపడకుండా డాక్టర్‌ని అడగండి. హెచ్‌ఐవీ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో ఉచితం.

ఇంకో మాట. "ఆమె వల్లే వచ్చిందా?" అని లోపల్లోపల ఉడికిపోకండి. హెచ్‌పీవీ ఏ లక్షణమూ లేకుండా ఏళ్ల తరబడి ఉండగలదు. ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేడు. అది మోసానికి రుజువు కాదు. ఆ అమ్మాయి తప్పేమీ లేకుండానే శిక్ష అనుభవిస్తోంది. తమ్ముడూ, ముందు ఆ ఫోన్ ఎత్తు.

భయపడాల్సింది అసలేమీ లేదా? ఉంది. మూడు వారాలు దాటినా మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, మెడలో గట్టి గడ్డ, మింగడం కష్టం కావడం, ఒకవైపే గొంతు నొప్పి లేదా చెవి పోటు, మారిన గొంతు... వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయొద్దు. మన దేశంలో నోటి క్యాన్సర్లకు పెద్ద కారణం ఇప్పటికీ గుట్కా, ఖైనీ, సిగరెట్, వక్క. హెచ్‌పీవీ గురించి రాత్రంతా సెర్చ్ చేసి, పొద్దున్నే గుట్కా పొట్లం చింపేవాళ్లని నేను చూశాను!

చేతిలో ఉన్న మంచి పని ఇంకోటుంది: టీకా. సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సెర్వావాక్ 2023లో మార్కెట్లోకి వచ్చింది. 9 నుంచి 26 ఏళ్ల అమ్మాయిలకే కాదు, అబ్బాయిలకూ వేస్తారు. 16వ రకం నుంచీ కాపాడుతుంది. 15 దాటినవాళ్లకి మూడు డోసులు. అప్పటికే ఒంట్లో ఉన్న వైరస్‌ని అది తీసేయదు, కానీ ఇంకా సోకని రకాలను అడ్డుకుంటుంది. ఆడవాళ్లయితే 30 దాటాక గర్భాశయ ముఖద్వార పరీక్ష కూడా మరిచిపోవద్దు.

చివరగా, ఆ అద్దం సంగతి. చూసుకున్నప్పుడు ఒక్క పది నిమిషాలు మనసు కుదుటపడుతుంది. తర్వాత మళ్లీ అనుమానం, మళ్లీ టార్చ్. చూసినకొద్దీ భయానికి మేత వేసినట్టే. పైగా ఆందోళన ఎక్కువైతే గొంతులో ఉండ అడ్డం పడినట్టు అనిపిస్తుంది, దాన్నీ జబ్బు ఖాతాలో రాసుకుంటాం. అందుకే నేను చెప్పేది ఇదీ: డాక్టర్‌కి ఒకసారి చూపించాక రెండు వారాలు అద్దం, సెర్చ్ రెండూ బంద్. చూడాలనిపిస్తే పావుగంట వాయిదా వేయండి, ఆ కోరిక దానంతటదే తగ్గుతుంది. అప్పటికీ నిద్ర పట్టకపోతే, చదువో ఉద్యోగమో దెబ్బతింటుంటే టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బులడగరు.